ఉత్సాహ సంరక్షణకు కొన్ని సూచనలు

సొంతంగా కొత్త భాష నేర్చుకునే హైదరాబాదీలకు ఉత్సాహం నానాటికీ సన్నగిల్లుతోందని పెద్దలు వాపోతున్నారు. మూలకారణం చెప్పే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. దీనికంతటికీ కారణం ఆ భాష మాట్లాడే మనుషులే.

ఉర్దూ సంగతే చూడండి. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలైందే ఆ మాధ్యమంతో. 2017లో అది తెలంగాణ అంతటికీ రెండో అధికార భాష అయింది. ఇంత పరువున్న భాష మనకూ రావాలని ఒక గృహస్థు ఫోనులో పాఠాలు మొదలుపెడతాడు. కుడి నుంచి ఎడమకు చదవడం పట్టుబడుతుంది. రాతలో సాధారణంగా కనిపించని హ్రస్వాచ్చులను ఊహించుకోవడమూ అలవాటవుతుంది. రోజుల వరుస తెగకూడదని పెళ్లి భోజనాల బంతిలో కూర్చుని కూడా ఎడమచేత్తో ఒక పాఠం నొక్కేస్తాడు. ఫోను శభాష్ అంటుంది. అంతా సవ్యంగా సాగుతుండగా చార్మినార్ దగ్గర ఆటో ఎక్కుతాడు. డ్రైవరు దక్కనీ ఉర్దూలో గలగలా మాట్లాడతాడు. పాఠాల్లో ఎవరూ అంత వేగంగా మాట్లాడలేదు, అంత సరదాగా అసలే మాట్లాడలేదు. ఇతని తడబాటు చూసి, నయాపూల్ దాటేలోపే ఆ పెద్దమనిషి జాలిపడి శుభ్రమైన తెలుగులోకి మారిపోతాడు. ఇక ఉత్సాహం ఎక్కడ మిగులుతుంది?

అందుకే వివేకవంతులు జపనీస్ ఎంచుకుంటున్నారు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రోలో ఎన్నిసార్లు తిరిగినా ఆ భాషలో ఎవరైనా పలకరించే ప్రమాదం దాదాపు లేదు. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యవేత్తలకు జపనీస్ నేర్పడానికి సుమారు 2,200 గంటల తరగతులు కావాలని లెక్క కట్టింది. (తెలుగుకు అందులో సగమే చాలన్నది. ఈ అవమానం గురించి మరోసారి మాట్లాడుకుందాం.) రోజుకు 5 నిమిషాల చొప్పున అన్ని గంటలు పూర్తి కావడానికి 72 ఏళ్లు పడుతుంది. నలభయ్యో ఏట మొదలుపెట్టినవారికి 112 ఏళ్లు వచ్చేదాకా ఆశాభంగం అన్న మాటే ఉండదు.

చదివింది మరచిపోతామన్న బెంగ కొందరిది. మరపు మొదట్లో వేగంగా, తర్వాత నెమ్మదిగా సాగుతుందని హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పండితుడు 1885లోనే చూపించాడు. విరామాలిస్తూ మళ్లీ మళ్లీ చదవడమే మందు అంటారు. అది శ్రమ. దానికన్నా మరో పుస్తకం కొనడం తేలిక. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతికితే పాత భాషాబోధినులు చవకగా దొరుకుతాయి. మొదటి పాఠం నిండా పెన్సిల్ గీతలుంటాయి, మూడో పాఠం నుంచి కాగితం నలగనైనా నలగదు. పాత యజమాని వాడకుండా వదిలేసిన ఉత్సాహం కూడా అదే ధరకు మనకు దక్కుతుంది.

ఇక ప్రభుత్వానికి ఒకటే మనవి. పాతబస్తీలోని ప్రతి ఇరానీ హోటలు ముందూ ‘ఇక్కడ ఉర్దూ మాట్లాడబడును’ అని పెద్ద అక్షరాలతో హెచ్చరిక బోర్డు పెట్టించాలి. ఉర్దూ నేర్చుకుంటున్నవారు ముందే చూసుకుని పక్క వీధిలోకి తప్పుకుంటారు. బోర్డు మాత్రం తెలుగులోనే ఉండాలి.