బ్యాకప్ ఉందిగా, టెన్షన్ దేనికి?

బేగంపేటలో మా ఆఫీసు. నలభై ఐపీ ఫోన్లు, అంటే కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచేవి, వాటన్నిటికీ పెద్దదిక్కుగా కాల్స్ కలిపే ఒకే ఒక్క కాల్ సర్వర్. అది పడకేస్తే ఆఫీసంతా మూగబోతుంది. పోయిన వానాకాలంలో రెండుసార్లు పడకేసింది. మేనేజర్ గారు నన్ను పిలిచి, "బ్యాకప్ సర్వర్ పెట్టించండి, ఖర్చు చూడకండి" అన్నారు. కొటేషన్ చూపించాక, "కొంచెం చూడండి" అన్నారు.

కొంచెం చూడాలంటే హైదరాబాద్‌లో ఎక్కడికెళ్తాం? సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ సామాన్ల బజారు సీటీసీకే. మా అటెండర్ కాకా, నేను నాలుగు షాపులు తిరిగి ఒక పాత సర్వర్ బేరమాడాం. దాన్ని స్కూటీ మీద మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని, ప్యారడైజ్ సిగ్నల్ దగ్గర అందరూ మమ్మల్నే చూస్తుంటే, ఆఫీసుకి చేర్చాం.

శనివారం సాయంత్రం టెస్టు. అసలు సర్వర్ ఆపేశాను. ఒక చాయ్ అయింది. రెండో చాయ్ కూడా అయింది. నలభై ఫోన్లలో ఒక్కటైనా కొత్త సర్వర్ ముఖం చూడలేదు. తీరా చూస్తే, ఫోన్లన్నీ 3600 సెకన్లకోసారి మాత్రమే సర్వర్ దగ్గరికి వెళ్లి రిజిస్టర్ అయ్యేలా సెట్ చేసి ఉన్నాయి. పెన్షనర్లు ఏడాదికోసారి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చొచ్చినట్టు, గంటకోసారి హాజరు వేయించుకుని మిగతా టైమంతా నిశ్చింతగా ఉంటున్నాయన్నమాట. అవతల సర్వర్ పోయిన సంగతి కూడా వాటికి పట్టలేదు. ఆ 3600ని 120 చేశాను. మళ్లీ ఆపి చూస్తే రెండు నిమిషాల్లో అన్నీ బ్యాకప్ పంచన చేరాయి. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. నా తప్పు అక్కడే ఉంది.

రెండు వారాలకి ఒక సోమవారం పొద్దున కుండపోత వాన. కరెంటు నాలుగుసార్లు వచ్చి పోయేసరికి అసలు సర్వర్ పవర్ సప్లై టప్పుమంది. అందరూ నా వైపు చూశారు. నేను వాచీ వైపు చూశాను. రెండు నిమిషాలు. ఫోన్లు లేచాయి! మేనేజర్ గారు క్యాబిన్‌లోంచి రిసెప్షన్‌కి ఫోన్ చేసి, "హలో, వినిపిస్తోందా?" అని అరిచారు. అద్దాల్లోంచి కూడా వినిపించింది. వెంటనే కాకాని మిర్చి బజ్జీలకి పంపారు.

మధ్యాహ్నం దాకా ఒక్క కంప్లయింట్ లేదు. "చూశారా, సిస్టం బాగుంటే కస్టమర్లు కూడా ఎంత బుద్ధిగా ఉంటారో!" అని మేనేజర్ గారు నా భుజం తట్టారు. నేను సిగ్గుపడ్డాను కూడా.

ఒంటిగంటకి ఆయన సెల్ మోగింది. ఇంటి నుంచి. "పొద్దుట్నుంచీ చేస్తున్నాను, మీ ఆఫీసు ఫోన్ ఒక్కసారీ కలవదేం?"

నా నోట్లో బజ్జీ అలాగే ఉండిపోయింది. సర్వర్ గదికి పరిగెత్తాను. బయటి నుంచి కాల్స్ తెచ్చే పీఆర్ఐ లైను, 30 కాల్స్ ఒకేసారి మోయగల ఆ ఒక్క కేబుల్, చచ్చిన సర్వర్ వెనకే గుచ్చుకుని ఉంది. శనివారం టెస్టులో నేను పక్క టేబుల్‌కే ఫోన్ చేసి మురిసిపోయాను తప్ప, బయటి నుంచి ఒక్క కాల్ చేయించలేదు. అంటే మూడు గంటలుగా మేం ఒకరికొకరం ఫోన్లు చేసుకుని పండగ చేసుకుంటున్నాం.

నిజానికి మధ్యలో గేట్‌వే అనే ఒక పెట్టె పెట్టి కేబుల్ దానికిస్తే రెండు సర్వర్లూ దాన్ని వాడుకోవచ్చు. కొటేషన్ తెచ్చాను. "కొంచెం చూడండి" అన్నారు.

ఈలోగా కాకా ముందుకొచ్చాడు. "ఈ వైరు అందులకెల్లి పీకి ఇందుల పెట్టుడే కద సార్?" అంతే, కాకా. సీటీసీలో బేరమాడి పాత సర్వర్‌తో పాటు ఈ కేబుల్ గుచ్చే కార్డు కూడా కొన్నాం కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి అసలు సర్వర్ ఆగిందంటే చాలు, టీ ట్రే పక్కన పెట్టి కాకా లోపలికి వెళ్తాడు.

మొన్న కాకా బోనాలకి రెండు రోజులు సెలవు అడిగాడు. మేనేజర్ గారు పెన్ను పట్టుకుని, సంతకం పెట్టకుండా నా వైపు తిరిగారు.

"మరి కాకాకి బ్యాకప్ ఎవరండీ?"