పాటర్ ‘కోడె’ ఒక్క ఊపులో గీసిన బొమ్మ కాదు

డ్రాయింగ్ నేర్చుకునే పిల్లల గ్రూపుల్లో ఈ ఫార్వర్డ్ మళ్లీ మొదలైంది: “1647లో పౌలస్ పాటర్ అనే డచ్ చిత్రకారుడు పొలంలో కోడెను నిలబెట్టి, ఒక్క స్కెచ్ కూడా వేసుకోకుండా నేరుగా కాన్వాస్ మీదికి దించేశాడు. వెనకున్న కాపరి ఏసుక్రీస్తు. నెపోలియన్ మనసుపడి స్వయంగా ఎత్తుకెళ్లాడు. ఒకప్పుడు దీనికి రెంబ్రాంట్ బొమ్మలంత పేరుండేది.”

చెట్టు దగ్గరున్నది మామూలు పశువుల కాపరి. ఫ్రెంచివాళ్లు ఈ బొమ్మను పారిస్‌కు తరలించింది 1795లో, నెపోలియన్ గద్దెనెక్కింది 1799లో. ఈ రెండింటికీ అంతకన్నా జవాబు అక్కర్లేదు.

అసలు హాని స్కెచ్ మాటలో ఉంది. కాన్వాస్ దాదాపు 2.36 మీటర్ల ఎత్తు, 3.39 మీటర్ల వెడల్పు. ఆరుబయట నిలబెడితే గాలికి తెరచాపే. ఆరుబయటికి సులువుగా పట్టుకెళ్లే ట్యూబు రంగులు వచ్చింది 1841లో. అంతకుముందు నూనెలో నూరిన రంగుల్ని పంది మూత్రాశయపు తిత్తుల్లో కట్టి దాచేవారు. కింది పూత ఆరకముందే పైన ఇంకోటి వేస్తే తర్వాత పగుళ్లు రావచ్చు. ఇక కోడె పది నిమిషాలైనా కదలకుండా నిలబడుతుందా?

బొమ్మలోనే రుజువుంది. మెడ, మూపు బాగా ముదిరిన ఆబోతువి. వెనక భాగం లేత కోడెది. వేర్వేరు వయసుల పశువుల్ని చూసి గీసుకున్నవాటిని ఒక్కచోట కలిపితేనే ఇలా వస్తుంది. పైగా పాటర్ మొదట అనుకున్నది కోడె ఒక్కదాన్నే. ఆవు, గొర్రెలు, కాపరి పట్టడానికి తర్వాత రెండు పక్కలా, పైనా కాన్వాస్ ముక్కలు అతికాడు. ముందూ వెనకా ఆలోచించకుండా దించేసిన పని ఇదేనా?

ఈ అబద్ధం నమ్మిన పిల్లలు పెద్ద షీటు మీద తలతో మొదలుపెడతారు. తల పూర్తయ్యేసరికి పశువు కాలు మారుస్తుంది, గీసిన ఒళ్లు నేల మీద నిలవదు. అప్పుడు తమకు చేతకాదని మానేస్తారు. దయచేసి అలా చెప్పకండి. ముందు వెన్నుగీత, తర్వాత నాలుగు గిట్టలు నేలను తాకే చోట్లు, ఆ తర్వాత భుజం, తుంటి ఎముకలు వేయించండి. కాగితానికి రెండు మూడు నిమిషాలు చాలు; పశువు కదిలితే పక్కనే ఇంకోటి మొదలుపెట్టాలి. వెంట్రుకలు చిట్టచివర.

పేరు సంగతి మాత్రం నిజం. 19వ శతాబ్దంలో దీన్ని డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ గీసిన ‘నైట్ వాచ్’ సరసన నిలబెట్టేవారు. ఇంకో మాటా ఒప్పుకోవాలి: కోడె చుట్టూ ముసిరిన ఈగలు, ముందు గడ్డిలో కప్ప, పైన ఎగురుతున్న భరతపక్షి పొలానికి వెళ్లి చూసినవాడికే తడతాయి.