మూడు బాణాల త్రికోణం గారికి

మహారాజశ్రీ మూడు బాణాల త్రికోణం గారికి,

నమస్కరించి రాయునది. మేమిక్కడ క్షేమం. రీసైక్లింగ్ గుర్తుగా పేరుపడ్డ తమరు సీసా అడుగున క్షేమంగా ఉన్నారని తలుస్తాను. తమరి దర్శనం కావాలంటే సీసాను తలకిందులు చేయాలి, మిగిలిన చుక్కలు మోచేతి దాకా కారించుకోవాలి, టార్చి వేసి కళ్లు చిట్లించాలి. రోజుకు కొన్ని వందల సార్లు తమరి పాదాలకు ఇలా మొక్కే ఉద్యోగం నాది. 'ప్లాస్టిక్ వ్యర్థాలతో యువతకు ఉపాధి' అనే పథకంలో ఏరివేత బల్ల దగ్గర నిలబడే ఆ యువత నేనే.

తమరి జాతకం చూశాను. 1970లో ఒక అట్టపెట్టెల కంపెనీ పెట్టిన పోటీకి గ్యారీ ఆండర్సన్ అనే 23 ఏళ్ల విద్యార్థి తమరిని గీశాడు. అప్పుడు తమరు పుట్టింది కాగితం కోసం. 1988లో ప్లాస్టిక్ పరిశ్రమ వాళ్లు దత్తత తీసుకున్నట్టు తమరి బాణాలను తీసుకెళ్లి, పొట్టలో 1 నుంచి 7 దాకా ఏదో ఒక అంకె పెట్టి సీసాల కింద కూర్చోబెట్టారు. ఆ అంకె చెప్పేది ఒక్కటే, ఇది ఏ రకం ప్లాస్టిక్ అని. మళ్లీ వాడతామని కాదు, వాడగలమని అసలే కాదు. కానీ మూడు బాణాలు ఒకదాని వెనక ఒకటి పరిగెడుతుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారు? ఎవరో ఏదో చేస్తారులే అనుకుని నిశ్చింతగా విసిరేస్తారు. 2013లో ప్రమాణాలు రాసేవాళ్లకే మొహమాటం వేసినట్టుంది, బాణాలు తీసేసి మామూలు త్రికోణం పెట్టమన్నారు. పాత అచ్చులు మార్చే తీరిక ఎవరికుంది? తమరు ఇంకా గానుగెద్దులా తిరుగుతూనే ఉన్నారు.

పేరు గొప్ప ఊరు దిబ్బ అనే సామెత తమరిని చూసే పుట్టిందేమో అనిపిస్తుంది. 2015 దాకా ప్రపంచంలో పోగైన ప్లాస్టిక్ వ్యర్థాల్లో రీసైకిల్ అయింది సుమారు 9 శాతమట. 12 శాతం కాల్చేశారు. మిగతాదంతా నిజంగా దిబ్బే.

తమరి ఏడుగురు సంతానంలో సంపాదనపరులు ఒకటో అంకె, రెండో అంకె. ఐదో అంకె కూడా ఫర్వాలేదు. ఆరోది నురుగు డబ్బాల రూపంలో వస్తే బస్తా నిండుతుంది గానీ త్రాసు ముల్లు కదలదు. ఏడో అంకె అంటే 'ఇతరాలు', అంటే మీ తిప్పలు మీరు పడండి అని. ఇక పొరల మీద పొరలు అతికించిన మెరుపు ప్యాకెట్ల సంగతి ఎత్తకపోవడమే మంచిది. వాటిని విడదీయడం మా షెడ్డులో ఎవరి తరమూ కాదు.

ఒక్క సీసా కథ మాత్రం చెప్పాలి. దాని ఒళ్లు ఒకటో రకం, అంటే పెట్ అనే ప్లాస్టిక్. మూత రెండో రకమో ఐదో రకమో. ముక్కలు చేసి నీళ్ల తొట్టిలో వేస్తే మూత ముక్కలు తేలతాయి, ఒంటి ముక్కలు మునుగుతాయి. చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఒంటికి బిగుతుగా తొడిగిన ఆ రంగుల లేబుల్ ఒక్కోసారి మూడో రకం, పీవీసీ. అదీ మునుగుతుంది. పెట్ కరిగేది 250 డిగ్రీలు దాటాక. ఆ వేడి రాకముందే పీవీసీ మాడి ఆమ్లం కక్కుతుంది, నల్ల మచ్చలు పడతాయి, బ్యాచ్ మొత్తం గోవిందా. అందుకే బ్లేడు పట్టుకుని లేబుల్ మీద లేబుల్ కోస్తుంటాను. ఉపాధి కల్పన అంటే ఇదేనంటే కాదనను.

ఈ పని కోసం మాకు ఐదు రోజుల శిక్షణ ఇచ్చారు. నాలుగు రోజులు వ్యక్తిత్వ వికాసం, ఐదో రోజు ఒక పూట ప్లాస్టిక్, రెండో పూట సర్టిఫికెట్లు. అసలు చదువు చెప్పింది మా షెడ్డుకు సరుకు తెచ్చే అక్క. "అంకె వెతకడానికి కళ్లు పోగొట్టుకోకు తమ్ముడూ, నలిపి చూడు. కరకరలాడితే ఒక రకం, సాగితే ఇంకో రకం" అని కవర్లు చెవి దగ్గర నలిపి వినిపించింది. ఏళ్ల తరబడి ఇదే పని చేస్తోంది. వయసు దాటిందని ఆమెకు పథకంలో చోటు లేదు. ఆమె ఏరిన సరుకుకు మాత్రం ఉంది.

అసలు విన్నపం తమరి మూడో బాణం గురించి. మొదటిది సేకరించడం, రెండోది కొత్త వస్తువు చేయడం, మూడోది దాన్ని ఎవరో ఒకరు కొనడం అని తమరి భక్తులే చెబుతారు. మొదటి దానికి టీషర్టులు ఇచ్చారు. రెండోదానికి ముక్కలు చేసే యంత్రం, ష్రెడ్డర్ ఇచ్చారు, రిబ్బన్ కట్టి మరీ. మూడోదానికి చప్పట్లు ఇచ్చారు. ముడిచమురు చవకైతే కొత్త ప్లాస్టిక్ చవకవుతుంది, నిన్నటి దాకా ఫోన్ చేసిన కొనుగోలుదారు ఇవాళ ఫోన్ ఎత్తడు. మేము కట్టిన ప్లాస్టిక్ బేళ్లు వర్షానికి తడుస్తుంటాయి. ఆలూ లేదు, చూలూ లేదు గానీ ఎన్ని ఉద్యోగాలు వచ్చాయో మాత్రం ప్రారంభోత్సవం రోజే చదివేశారు. మేము కరిగించి పోసిన బెంచీలు గోడవారన ఉండగానే అతిథుల కోసం కొత్త కుర్చీలు అద్దెకు తెచ్చారు. మా బెంచీ మీద కూర్చున్నది ఫొటోగ్రాఫర్ ఒక్కడే, బూటు లేసు కట్టుకోవడానికి.

బాణాలు గుండ్రంగా తిరుగుతున్నట్టు కనబడతాయి గానీ కరిగించిన ప్రతిసారీ ప్లాస్టిక్ నాణ్యత ఒక మెట్టు దిగుతుంది. ఆ సంగతి పట్టుకుని తమరిని దెప్పడం లేదు. మా జీతాలదీ అదే దారి కాబట్టి అర్థం చేసుకోగలం.

చివరగా ఒక సందేహం. ఆ రోజు వేదిక వెనక కట్టిన ఫ్లెక్సీ మర్నాడు నా బల్ల మీదికే వచ్చింది. లోపల పాలిస్టర్ వల, పైన పీవీసీ పూత. దాని మీద తమరు నిలువెత్తున, ఆకుపచ్చ రంగులో ఉన్నారు. పొట్టలో అంకె వేయడం మరిచిపోయారు. ప్రస్తుతానికి చుట్ట చుట్టి బల్ల కింద పెట్టాను. ఏ డబ్బాలో వేయాలో తిరుగు టపాలో ఒక ముక్క రాయగలరు.

ఇట్లు,
తమరి పాదాల చెంత,
ఏరివేత బల్ల, ఎడమ వైపు