అయస్కాంత చికిత్స సామాన్యుడికీ అందాలి

రెండు రకాల మందులు తగిన మోతాదులో వాడినా డిప్రెషన్ వీడకపోతే ఇక కరెంటు షాకే గతి అని హైదరాబాద్‌లో ఇప్పటికీ చాలా కుటుంబాలు బెంబేలెత్తుతున్నాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే అనుమతించిన అయస్కాంత చికిత్స టీఎంఎస్ (ట్రాన్స్‌క్రేనియల్ మాగ్నెటిక్ స్టిమ్యులేషన్) ఉందని వారికి చెప్పేవారు కరవు. దీనికి మత్తు అక్కర్లేదు. రోగి మెలకువగా కుర్చీలో కూర్చుంటే, తల ముందుభాగంలో ఎడమవైపు ఆనించిన కాయిల్ నుంచి వచ్చే అయస్కాంత పల్స్‌లు మెదడు పైపొరలో స్వల్ప విద్యుత్తు పుట్టిస్తాయి. అయితే తిండి మానేసిన, ఆత్మహత్య ఆలోచనలు ముదిరిన రోగికి మత్తిచ్చి చేసే కరెంటు షాక్ చికిత్స, అంటే ఈసీటీయే త్వరగా పనిచేస్తుంది. అలాంటివారికి టీఎంఎస్ చాలని నచ్చజెప్పడం ప్రమాదకరం.

ఈ చికిత్సకు కొలతే ప్రాణం. తలపై, చేతి కండరాలను నడిపే మెదడు భాగం ఉన్నచోట కాయిల్ ఉంచి, పది పల్స్‌లలో ఐదింటికి బొటనవేలు కదిలే కనీస శక్తిని పట్టుకోవాలి. సాధారణంగా దానికి 120 శాతం శక్తితో చికిత్స చేస్తారు. మందులు మారినా, నిద్ర కరవైనా, తాగుడు హఠాత్తుగా మానినా ఆ అంకె మారిపోవచ్చు. మొదటి రోజు కొలిచి నెలంతా దాంతోనే నెట్టుకొస్తే, శక్తి చాలక ఫలితం దక్కకపోవచ్చు. ఎక్కువైతే, అరుదుగానైనా, ఫిట్స్ రావచ్చు. బొటనవేలు కదిలిన చోటు నుంచి కాయిల్‌ను ఐదు సెంటీమీటర్లు ముందుకు జరిపే పాత పద్ధతి పెద్ద తలల్లో గురి తప్పుతుంది. టేపుతో తల కొలిచి చోటు గుర్తించడానికి కొద్ది నిమిషాలు చాలు. తలలో లోహపు క్లిప్పులు, వినికిడి కోసం లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నాయేమో ముందే అడగాలి.

వారానికి ఐదు రోజులు, నాలుగు నుంచి ఆరు వారాలు రావడమే రోగికి అసలు పరీక్ష. మంచం దిగే ఓపికే లేని మనిషి ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీకి రోజూ రావాలంటే ఇంట్లో మరొకరు పని మానుకోవాలి. రెండో వారానికే విసిగి ఆపేస్తే, తర్వాత రావలసిన మేలు దక్కదు.

అందుకే ఎర్రగడ్డ వంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ సేవ విస్తరించాలి, అదీ పల్స్‌లను వేగంగా గుంపులు గుంపులుగా పంపే థీటా బర్స్ట్ పద్ధతిలో. పాత పద్ధతిలో 3,000 పల్స్‌లకు 37 నిమిషాలు పడితే, ఇందులో 600 పల్స్‌లు మూడు నిమిషాల్లో పూర్తవుతాయి. ఫలితం తీసిపోదని 2018లో కెనడా పరిశోధకులు తేల్చారు. కూర్చోబెట్టి సర్దే సమయం కలుపుకొన్నా, ఒక్క యంత్రంపై గంటకు నలుగురికి చేయొచ్చు.

మానసిక వ్యాధులకూ శారీరక వ్యాధులతో సమానంగా బీమా ఉండాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. అడ్మిట్ కాలేదన్న సాకుతో ఈ క్లెయిములు తిరస్కరించే వీలుండకూడదు. ఆరోగ్యశ్రీ సైతం పూర్తి కోర్సుకు ఒకే ధర కట్టి, బొటనవేలి కొలతలను వారం వారం నమోదు చేసిన కేంద్రాలకే బిల్లు చెల్లించాలి.