బాస్ నుంచి బారిటోన్‌కు: బాస్టియానీనీ కట్టుకున్న గొంతు

ఇటలీ ఒపెరా గాయకుడు ఎట్టోరె బాస్టియానీనీ గురించి రెండు మాటలు తరచూ వినబడతాయి. ఒకటి, ఆయనది దేవుడిచ్చిన గొంతు అని. రెండోది, గొంతే తప్ప ఇంకేమీ లేదని. ఒకటి పొగడ్త, మరొకటి నింద. ఆయన పడిన కష్టం రెండింటి లెక్కలోకీ రాలేదు. మిలాన్‌లోని లా స్కాలా, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ అనే ఒపెరా హాళ్లలో మోగిన ఆ బారిటోన్ (మగ గొంతుల్లో మధ్య స్థాయి), 1951లో పాత అలవాట్లన్నీ తీసేసి కొత్తగా కట్టుకున్నది.

1922లో సియెనాలో పుట్టిన బాస్టియానీనీ 1945లో రవెన్నాలో 'లా బొయెమ్' ఒపెరాలోని కొలీన్ పాత్రతో వేదికెక్కారు. అది బాస్ పాత్ర, అంటే మగ గొంతుల్లో అన్నిటికంటే కింది స్థాయి. 1948లో లా స్కాలాలో పాడిందీ బాస్‌గానే. అయితే బాస్‌కు ప్రాణమైన మంద్రంలో ఆయన గొంతుకు బరువు చాలలేదు, పైకి వెళ్లేకొద్దీ మాత్రం మెరుపు వచ్చేది. ఆ సంగతి పట్టుకుని బారిటోన్‌కు మారమన్నది సంగీత శిక్షకుడు లూచియానో బెట్టరీనీ. 1951లో బాస్టియానీనీ వేదిక దిగి, కొన్ని నెలలు సాధనకే కూర్చున్నారు.

ఈ మార్పు ఎంత ప్రమాదమో మన శ్రోతలకు చెప్పాలంటే ఒక తేడా చూపాలి. కర్ణాటక సంగీత విద్వాంసుడు తన గొంతుకు నప్పే శ్రుతి పెట్టుకుని పాడతాడు. ఒపెరాలో ఆ వెసులుబాటు లేదు. స్వరకర్త రాసిన స్థాయిలోనే, మైకు లేకుండా, నిండు ఆర్కెస్ట్రా మీదుగా చివరి వరుస దాకా వినబడాలి. ఇటలీ ఒపెరా స్వరకర్త వెర్డి తన బారిటోన్‌లకు రాసిన సంగీతం ఎక్కువసేపు పై భాగంలోనే తిరుగుతుంది. గాయకులను అలసిపోయేలా చేసేది ఒక్క ఎత్తైన స్వరం కాదు, గంటల తరబడి ఆ ఎత్తులో నిలబడటం.

అసలు చిక్కు 'పసాజ్యో' దగ్గర ఉంది. గొంతు మధ్య స్థాయి నుంచి పై స్థాయికి మలుపు తిరిగే చోటు అది. బారిటోన్‌కు సుమారుగా మిడిల్ సి (పియానో మధ్యలోని సి స్వరం) కింది బి స్వరం దగ్గర మొదలై, మిడిల్ సి పైనున్న ఇ దగ్గర ముగుస్తుంది. బాస్‌కు ఇది ఒకటి రెండు మెట్లు కిందే వస్తుంది. ఆ మలుపులో 'ఆ' అచ్చును 'ఓ' వైపు కాస్త గుండ్రం చేయాలి. దీన్నే 'కవర్' చేయడం అంటారు. బాస్ అలవాటుతో ముందే గుండ్రం చేస్తే శబ్దం మసకబారుతుంది, శ్రుతి కిందికి జారుతుంది. ఆలస్యం చేస్తే పైస్వరం అరుపవుతుంది. కాబట్టి ఏళ్ల తరబడి కండరాలకు పట్టిన లెక్కను మరపించి, కొత్త లెక్క నేర్పాలి. పక్కటెముకలు విప్పారి ఉండగా శ్వాసను పొదుపుగా వదిలే ఆసరా లేకుంటే ఏ లెక్కా పనిచేయదు.

1952 జనవరిలో సియెనాలో, వెర్డి ఒపెరా 'లా ట్రావియాటా'లో జెర్మోన్‌గా తొలిసారి బారిటోన్ పాత్ర పాడితే ఆదరణ అంతంతమాత్రమే. పైస్వరాలు ఇంకా కుదరలేదు. మళ్లీ సాధనకు వెళ్లి, పై భాగాన్ని గట్టిపరచుకుని తిరిగొచ్చారు. 1953 డిసెంబర్‌లో మెట్రోపాలిటన్‌లో తొలిసారి పాడిందీ అదే జెర్మోన్ పాత్ర! 1954లో లా స్కాలాలో 'యెవ్గెనీ ఒనెగిన్'. 1955లో దర్శకుడు విస్కాంటి చేతిలో, ప్రఖ్యాత గాయని మరియా కలాస్ సరసన 'ట్రావియాటా'.

ఆ సాధన ఫలం వినాలంటే 1962లో సెరాఫిన్ ఆర్కెస్ట్రా నిర్వహణలో రికార్డయిన వెర్డి ఒపెరా 'ఇల్ ట్రోవటోరె'లో కౌంట్ లూనా పాడే 'ఇల్ బాలెన్' చాలు. పాట ఆసాంతం మలుపు చుట్టూనే తిరుగుతుంది, మిడిల్ సి పైనున్న జి స్వరం దాకా ఎక్కుతుంది. ఆ స్వరం దగ్గర స్వరతంత్రులు సెకనుకు సుమారు 392 సార్లు కంపిస్తాయి. చాలామంది అక్కడికి చేరేముందు పదాన్ని విరిచి ఊపిరి తీస్తారు, లేదా బలమంతా అక్కడే పెడతారు. బాస్టియానీనీ గీత తెగదు. కింది ముదురు రంగు పై దాకా వెంట వస్తుంది. బాస్‌గా గడిచిన ఏళ్లు వృథా పోలేదనడానికి నాకు కనబడే రుజువు ఇదే.

గొంతే తప్ప ఇంకేమీ లేదన్న నిందలో కొంత నిజం ఉంది. మెల్లగా పాడటం ఆయనకు అరుదు. 1960 నాటి 'రిగొలెట్టో' రికార్డింగులో గొంతు అద్భుతం, కాని తండ్రి అయిన రిగొలెట్టో ఏడుపును మాటల్లో వినిపించడంలో మరో ఇటలీ బారిటోన్ టిటో గొబ్బి చాలా ముందున్నాడు. గొబ్బికి గొంతులో తక్కువైనది మాటలో వచ్చింది. ఇద్దరినీ ఒకే తూకంలో పెట్టడం మాత్రం న్యాయం కాదు.

అంతకంటే పెద్ద అన్యాయం చివరి ఏళ్ల ప్రదర్శనలతో ఆయనను కొలవడం. 1962 చివర్లో గొంతు క్యాన్సర్ బయటపడింది. శస్త్రచికిత్స చేస్తే పాట పోతుంది కనుక వద్దని, రేడియేషన్ తీసుకున్నారు. రేడియేషన్ లాలాజల గ్రంథులను ఎండగడుతుంది, కణజాలాన్ని బిరుసు చేస్తుంది. స్వరతంత్రుల పొర తడిగా, మెత్తగా ఉంటేనే స్వరం నిలుస్తుంది. అది పోతే పైస్వరాలు పట్టుతప్పుతాయి. ఆయన ఈ సంగతి బయటపెట్టలేదు. విన్నవారు అశ్రద్ధ అనుకున్నారు. 1965 డిసెంబర్ 11న మెట్రోపాలిటన్‌లో 'డాన్ కార్లో'లో రోడ్రిగోగా చివరిసారి పాడి, 1967 జనవరి 25న 44 ఏళ్లకే కన్నుమూశారు.

కొత్తగా వినేవారు 1955 'లా ఫోర్జా డెల్ డెస్టీనో'తో మొదలుపెట్టి, 1957 'ఆండ్రియా షెనియే', ఆ తర్వాత 1962 'ట్రోవటోరె' వరుసగా వినండి. 1963 తర్వాతి ప్రత్యక్ష రికార్డింగులను ఆ మూడింటి తర్వాతే, జబ్బు సంగతి గుర్తుపెట్టుకుని వినండి.