"యూరప్ కొనకపోతే ఆఫ్రికాకి పంపేయ్" అని సలహా ఇచ్చేవాళ్ళకి

ఈ మధ్య ఒక మెసేజ్ తెగ షేర్ అవుతోంది. పంట సరుకు ఎగుమతికి టెస్టులు, రూల్స్ అన్నీ యూరప్, అమెరికాల్లోనే అంట, అభివృద్ధి చెందుతున్న దేశాల్లో అడిగేవాడే ఉండడంట, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (సరుకులో పురుగు, తెగులు లేవని మన ప్రభుత్వం ఇచ్చే కాగితం) ఒకటుంటే చాలు, డ్యూటీ లేకపోతే ఇంక అడ్డే లేదు, యూరప్ తిప్పి పంపిన సరుకు కూడా అక్కడ పోతుందంట. ఇది నమ్మి అప్పు చేసి కంటైనర్ ఎక్కించేవాళ్ళు ఉంటారు కాబట్టి ఒక్కొక్కటీ చెప్తాను.

అడిగేవాడే ఉండడా? 2015 డిసెంబర్‌లో ఈజిప్ట్ 63 వేల టన్నుల ఫ్రెంచ్ గోధుమల్ని వద్దనేసింది, కారణం ఎర్గాట్ అనే ఫంగస్. అంతర్జాతీయంగా 0.05 శాతం దాకా ఒప్పుకుంటారు, సరుకు ఆ లిమిట్ లోపలే ఉంది, అయినా అక్కడి క్వారంటైన్ వాళ్ళు (బయటి నుంచి వచ్చే పంటల్లో పురుగు, తెగులు చూసే శాఖ) అస్సలు ఉండకూడదన్నారు. 2016లో ఒకసారి 0.05 ఓకే అని, ఆగస్టులో మళ్ళీ సున్నా అని, చివరికి సెప్టెంబర్‌లో ప్రభుత్వ టెండర్లకి గోధుమలు ఇచ్చేవాళ్ళే లేక, ఇంకోపక్క రష్యా ఈజిప్ట్ పండ్లు, కూరగాయలు ఆపేస్తామనేసరికి మళ్ళీ 0.05కే వచ్చారు. అంటే బేరం కుదిరిన రోజు ఉన్న రూల్ ఓడ చేరేసరికి ఉంటుందన్న గ్యారంటీ కూడా లేదు.

డ్యూటీ సంగతి. ఉగాండా, టాంజానియా, కెన్యా ఒకే కస్టమ్స్ యూనియన్‌లో (తమలో తాము డ్యూటీ లేకుండా వ్యాపారం చేసుకునే ఒప్పందం) ఉన్నాయి, అయినా 2021 మార్చిలో అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) ఎక్కువుందని కెన్యా ఆ రెండు దేశాల మొక్కజొన్న ఆపేసింది. కొద్ది రోజుల్లోనే వదిలింది గానీ 10 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో 10 భాగాలు) లోపల ఉందని సర్టిఫికెట్ తెమ్మంది.

ఇక ఫైటో ఒక్కటే చాలనే మాట. కెన్యాకి మొక్కల సరుకు పంపాలంటే ముందు అక్కడి బయ్యర్ కెఫిస్ (మొక్కల సరుకు తనిఖీ చేసే కెన్యా ప్రభుత్వ సంస్థ) దగ్గర ఇంపోర్ట్ పర్మిట్ తీసుకోవాలి. ఏ పురుగు, ఏ తెగులు ఉండకూడదో షరతులు అందులోనే ఉంటాయి, దాని కాపీ చూసి మన వైపు క్వారంటైన్ వాళ్ళు చెక్ చేసి అడిగిన డిక్లరేషన్ సర్టిఫికెట్‌లో రాస్తారు. ముందు ఎక్కించి తర్వాత పర్మిట్ తెచ్చుకుందాం అంటే కుదరదు. చెక్క ప్యాలెట్లు కూడా చూస్తారు, వేడి చేసే పద్ధతైతే చెక్క లోపలిదాకా 56 డిగ్రీల్లో 30 నిమిషాలు ఉంచి, హెచ్‌టీ (హీట్ ట్రీట్‌మెంట్) అని ముద్ర కొట్టి ఉండాలి.

కస్టమ్స్ లిస్టులో కనపడని అడ్డంకులు కూడా ఉంటాయి. నైజీరియా 2015లో బియ్యంతో సహా కొన్ని సరుకుల దిగుమతికి అధికారిక మార్కెట్‌లో డాలర్లు ఇవ్వడం ఆపేసింది, 2023 అక్టోబర్‌లో గానీ ఎత్తెయ్యలేదు. బయ్యర్‌కి సరుకు కావాలి, కానీ పేమెంట్ ఎలా చేస్తాడు?

యూరప్ తిప్పి పంపిన సరుకు అక్కడ అమ్మేయమనే మాటకి మాత్రం నిజంగా కోపం వస్తుంది. 2004లో కెన్యాలో అఫ్లాటాక్సిన్ పట్టిన మొక్కజొన్న తిని 125 మంది చనిపోయారు. అలాంటి దేశంలో ఎవరూ టెస్ట్ చెయ్యరని ఎలా అనుకుంటారు, అసలు అలాంటి తిండి పంపాలని ఎలా అనిపిస్తుంది?

అవకాశాలు లేవని నేను అనట్లేదు, గోధుమలు, బియ్యం బయటి నుంచి కొనుక్కునే దేశాలు అక్కడ చాలానే ఉన్నాయి. కాకపోతే రేటు మాట్లాడే ముందే బయ్యర్‌ని పర్మిట్ కాపీ అడగండి, పేమెంట్ ఏ బ్యాంక్ నుంచి వస్తుందో అడగండి. ఈపింగ్ అని డబ్ల్యూటీఓ (ప్రపంచ వాణిజ్య సంస్థ), ఐక్యరాజ్యసమితి వాళ్ళు కలిసి నడిపే ఫ్రీ సైట్ ఉంది, మీ సరుకు, మీ దేశాలు అందులో పెట్టుకుంటే, కొత్త రూల్ డబ్ల్యూటీఓకి తెలియజేసినప్పుడు మెయిల్ వస్తుంది.