సవరణ: గుద్ది పారిపోయిన కేసుల్లో పరిహారం 2 లక్షలు

గుద్ది పారిపోయిన వాహనం దొరక్కపోతే, చనిపోయినవారి కుటుంబానికి అందేది 25 వేలేనని గత పోస్టులో ఉంది. అది 1989 నాటి పథకం లెక్క. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర పథకం ప్రకారం 2 లక్షలు ఇవ్వాలి. తీవ్రంగా గాయపడితే 50 వేలు. పాత పథకంలో ఇది 12,500. ఈ రోజుల్లో 2 లక్షలు కూడా చాలా తక్కువని నా అభిప్రాయం. కానీ హక్కుగా రావాల్సిన ఆ డబ్బైనా వదులుకోకూడదు.

దరఖాస్తు ఇవ్వాల్సింది పోలీస్ స్టేషన్‌లో కాదు, ప్రమాదం జరిగిన చోటి రెవెన్యూ అధికారులకు. మంజూరు చేసేది కలెక్టర్. ఇలాంటి పథకం ఉందనే చాలా కుటుంబాలకు తెలియదు. అందుకే సుప్రీంకోర్టు 2024 జనవరిలో ఒక ఆదేశం ఇచ్చింది: నెలలోగా వాహనం వివరాలు తేలకపోతే, పరిహారం అడగొచ్చని పోలీసులే బాధితులకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆ కాగితం రాకపోతే స్టేషన్‌కి వెళ్లి గట్టిగా అడగండి.

గాయపడినవారిని ఆస్పత్రికి చేర్చినవాళ్లు సాక్ష్యం చెప్పక తప్పదన్న వాక్యం కూడా తీసేశాను. సాయం చేసినవాళ్లు ఇష్టపడితేనే సాక్షి అవుతారు. పేరు, ఫోన్ నంబరు చెప్పమని పోలీసులు బలవంతం చేయకూడదు. ఆ టెన్షన్‌తో ఎవరూ ఆగిపోవద్దు.